కాపరి మీద నమ్మకం పోయినప్పుడు దేవుని మీద నమ్మకం

సహోదరి గారికి ప్రభువు నామమున వందనాలు.

మీ ప్రశ్నను ముందుగా నా మాటల్లో క్లుప్తంగా చెబుతాను. ఇదే బాధలో ఉన్న మరికొందరు చదివినా సంగతి అర్థమవుతుంది. మీకు బాప్తిస్మం ఇచ్చి, మీ పెళ్ళి జరిపించిన సంఘ కాపరి గారి మీద మందిర నిర్మాణ నిధి విషయంలో ఆరోపణలు వచ్చాయి. లెక్కలు అడిగిన ఇద్దరు పెద్దలను కమిటీ నుంచి తప్పించారు. దాంతో సంఘం రెండు వర్గాలై, ఉదయం ఒకరు, సాయంత్రం ఒకరు ఆరాధన జరుపుకుంటున్నారు. మందిరం తాళంచెవుల గొడవ పోలీసు స్టేషను దాకా వెళ్ళింది. "దేవుడే చూసుకుంటాడు, అభిషిక్తుల మీద (అంటే దేవుడు ఏర్పరచుకున్న సేవకుల మీద) మాట్లాడి శాపం తెచ్చుకోకండి" అని పెద్దవాళ్ళు మిమ్మల్ని వారిస్తున్నారు. కానుకల సంచి దగ్గరికి వచ్చినప్పుడు చెయ్యి రావడం లేదని కూడా రాశారు. దేవుణ్ణి నమ్మడమంటే మౌనంగా ఉండడమేనా, కాపరి గారి చేతి మీదుగా పొందిన బాప్తిస్మం చెల్లుతుందా, ఈ సంఘంలో ఉండాలా వెళ్ళిపోవాలా, మందిరానికి ఇక రానంటున్న పదహారేళ్ళ కొడుక్కి ఏం చెప్పాలి అన్నవి మీ ప్రశ్నలు.

నేను కోస్తా జిల్లాల్లో ప్రెస్బిటరుగా, అంటే సంఘ గురువుగా పనిచేసి పదవీ విరమణ పొందినవాణ్ణి. ఇలాంటి తగాదాలు తీర్చడానికి చాలా సంఘాల్లో రెండు వర్గాల మధ్య కూర్చున్నాను. ఆ అనుభవంతో నేను చెప్పగలిగింది ఇది: మీరు దేవుణ్ణి తప్పకుండా నమ్మండి, కానీ నమ్మకం అన్న పేరుతో ఇప్పుడు మీకు నేర్పుతున్నదాన్ని ఒకసారి లేఖనం ముందు పెట్టి చూడండి. దేవుడు తన సంఘాన్ని తానే కాపాడుకోగలడని నిజంగా నమ్మినవారికి లెక్కల పుస్తకం తెరవడానికి భయం ఉండదు, నిజం బయటికి వస్తే సువార్త పని ఆగిపోతుందన్న ఆందోళన కూడా ఉండదు. నిజాన్ని దాచమని చెప్పేవారు ఎంత భక్తిగా మాట్లాడినా, వారి మాటల అడుగున ఉన్నది దేవుడు ఈ పరిస్థితిని మోయలేడన్న అనుమానమే.

సమూయేలు మొదటి గ్రంథంలో రెండు నుంచి ఏడు అధ్యాయాల వరకు ఈ వారం నిదానంగా చదవండి. నాయకత్వం చెడిపోయిన కాలాన్ని బైబిలులో ఇంత దగ్గరగా చూపించిన భాగం మరొకటి నాకు కనిపించలేదు. అప్పటి ఇశ్రాయేలీయుల ఆరాధన స్థలమైన షిలోహులో ఏలీ యాజకుడు. ఆయన కుమారులు హొఫ్నీ, ఫీనెహాసు. ప్రజలు బలి అర్పించి మాంసం ఉడికించుకుంటూ ఉండగా యాజకుని పనివాడు మూడు ముండ్ల కొంకితో వచ్చి, కుండలో గుచ్చి, పైకి వచ్చినదంతా తీసుకుపోయేవాడు. అది చాలక, దేవునికి చెందవలసిన కొవ్వును దహించకముందే పచ్చి మాంసం ఇమ్మని అడిగి, ఇవ్వకపోతే బలవంతంగా లాక్కుంటామని బెదిరించేవారు. ప్రత్యక్షపు గుడారపు ద్వారం దగ్గర సేవచేసే స్త్రీలతో ఆ కుమారులు ఎలా ప్రవర్తించారో కూడా గ్రంథం దాచలేదు. వీటన్నిటి మధ్య మీ పరిస్థితికి నేరుగా తగిలే వచనం ఒకటి ఉంది. రెండవ అధ్యాయం పదిహేడవ వచనంలో, ప్రజలు దేవుని అర్పణను అసహ్యించుకునేలా చేశారు కాబట్టి ఆ యువకుల పాపం దేవుని దృష్టికి చాలా పెద్దదైందని ఉంది. కానుకల సంచి చూస్తే మీకు చెయ్యి రాకపోవడం మీ విశ్వాసంలో లోపమని మిమ్మల్ని మీరు నిందించుకుంటున్నారు. ఆ అసహ్యాన్ని లేఖనం ప్రజల లెక్కలో రాయలేదు, అసహ్యం కలిగించిన యాజకుల లెక్కలో రాసింది.

ఏలీ చెడ్డవాడు కాడు. కుమారులను మందలించాడు కూడా. అయితే మందలించిన తరువాత వాళ్ళను ఆ పనిలోనే ఉంచాడు, వాళ్ళు తెచ్చిన మాంసంతో ఆ ఇల్లు బలిసింది. దేవుడు ఆయన మీద మోపిన నేరం, కుమారులు చేస్తున్నది తెలిసీ వాళ్ళను అడ్డుకోలేదన్నదే. చివరికి దేవుడు ఏలీ దగ్గర పెరుగుతున్న చిన్నవాడైన సమూయేలు ద్వారా తీర్పు వినిపించినప్పుడు ఏలీ ఏమన్నాడో చూడండి: సెలవిచ్చినవాడు యెహోవాయే, ఆయనకు ఏది మంచిదనిపిస్తే అది చేయనివ్వు అన్నాడు. వినడానికి ఎంత విధేయత ఉన్న మాటో! కానీ చేయవలసిన పని చేయకుండా, చేయగలిగిన అధికారం చేతిలో ఉండీ, ఆ మాట అన్నాడు. మీ సంఘ పెద్దలు "దేవుడే చూసుకుంటాడు" అన్నప్పుడు నాకు ఏలీ మాటే గుర్తుకొస్తోంది. ఏ అధికారమూ లేని ఒక వృద్ధ విశ్వాసురాలు కన్నీళ్ళతో ఆ మాట అంటే అది విశ్వాసం. రసీదు పుస్తకాలు, బ్యాంకు పాసుపుస్తకం తమ దగ్గరే పెట్టుకున్నవారు అదే మాట అంటే, దేవుడు తమకు అప్పగించిన పనిని తిరిగి దేవుని మీదే వేస్తున్నారని అర్థం.

ఏలీ ఆ మాట అన్న మూడవ అధ్యాయంలోనే సమూయేలు కూడా ఉన్నాడు. రాత్రి దర్శనంలో దేవుడు వినిపించిన ఆ తీర్పును తెల్లవారాక ఏలీకి చెప్పడానికి అతను భయపడ్డాడు. తనను పెంచిన మనిషికి, తన గురువుకు, ఆయన ఇల్లు కూలిపోతుందని ఎలా చెప్పాలి? అయినా అడిగినప్పుడు ఏదీ దాచకుండా అంతా చెప్పాడు. చెప్పడంలో ద్వేషం లేదు, తొందర లేదు, ఊరంతా చాటడం లేదు. చెప్పవలసిన మనిషికి, ముఖాముఖిగా, ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. దేవుణ్ణి నమ్మినవారు సంఘ సంక్షోభంలో ఎలా మాట్లాడాలో నేర్చుకోవడానికి నాకు ఇంతకన్నా మంచి ఉదాహరణ తెలియదు.

ఇక "అభిషిక్తులను ముట్టకూడదు" అన్న మాట. మన తెలుగు సంఘాల్లో ఇంతగా దుర్వినియోగమైన వచనం మరొకటి ఉండదేమో. అది నూట ఐదవ కీర్తనలోనిది. దేశం నుంచి దేశానికి పరదేశులుగా తిరిగిన అబ్రాహాము, ఇస్సాకు, యాకోబులకు హాని చేయవద్దని దేవుడు రాజులను గద్దించిన సందర్భం అది. బలవంతుల చేతిలో నుంచి బలహీనులను కాపాడిన మాటను, ప్రశ్నించే విశ్వాసుల నుంచి నాయకులను కాపాడడానికి వాడడం ఆ కీర్తనకే అన్యాయం. తనను చంపాలని వెంటాడుతున్న రాజైన సౌలు మీద దావీదు చెయ్యి వేయలేదు, నిజమే. గుహలో ప్రాణం తీసే అవకాశం వచ్చినా తీయలేదు. కానీ ఆ వెంటనే బయటికి వచ్చి, అందరూ వింటుండగా, సౌలు తనకు చేస్తున్న అన్యాయాన్ని సౌలు ముఖం మీదే చెప్పాడు. ఆ దావీదే రాజై పాపం చేసినప్పుడు నాతాను ప్రవక్త వచ్చి, ఆ మనిషివి నీవే అన్నాడు. అభిషిక్తుని మీద మాట్లాడినందుకు నాతానుకు శాపం తగలలేదు. అంతియొకయలో పేతురు తప్పు చేసినప్పుడు పౌలు అందరి ఎదుటా ఆయనను నిలదీశాడని గలతీయుల పత్రిక రెండవ అధ్యాయం చెబుతుంది.

పౌలు తిమోతికి రాసిన మొదటి పత్రిక ఐదవ అధ్యాయంలో దీనికి ఒక క్రమమే ఉంది. ఇద్దరు ముగ్గురు సాక్షులు లేకుండా పెద్ద మీద నేరారోపణ అంగీకరించవద్దు. పాపం చేసినట్టు తేలితే మిగిలినవారు భయపడేలా అందరి ఎదుటా గద్దించాలి. ఏ విషయంలోనూ పక్షపాతం చూపకూడదు. మొదటి మాట కాపరిని అబద్ధపు నిందల నుంచి కాపాడుతుంది, రెండవ మాట సంఘాన్ని చెడ్డ కాపరి నుంచి కాపాడుతుంది. ఒక వర్గం మొదటి మాటను మాత్రమే చదువుతుంది, మరో వర్గం రెండవ మాటను మాత్రమే చదువుతుంది. కాబట్టి కాపరి గారు నేరం చేశారని ఇప్పుడే తేల్చుకోకండి, చేయలేదని కూడా తేల్చుకోకండి. వాట్సాప్‌లో ఎవరో పంపిన ఆడియోను మరొకరికి పంపకండి. లెక్కలు చూసే హక్కు సంఘానికి ఉందన్న ఒక్క విషయం మీద మాత్రం గట్టిగా నిలబడండి.

మళ్ళీ షిలోహు సంగతికి వస్తాను, ఎందుకంటే మీ ప్రశ్నకు అసలు జవాబు అక్కడే ఉంది. ఇశ్రాయేలీయుల శత్రువులైన ఫిలిష్తీయుల చేతిలో మొదటి యుద్ధంలో 4,000 మంది చనిపోయారు. ఎందుకు ఓడిపోయామని పెద్దలు సరిగ్గానే అడిగారు, కానీ జవాబు కోసం ఆగలేదు. షిలోహు నుంచి మందసాన్ని, అంటే దేవుని సన్నిధికి గుర్తుగా ఉన్న పవిత్రమైన పెట్టెను, తెప్పిస్తే గెలుస్తామనుకున్నారు. హొఫ్నీ, ఫీనెహాసులే దాని వెంట వచ్చారు. ఇశ్రాయేలీయులు భూమి ప్రతిధ్వనించేలా కేకలు వేశారు. ఆ రోజు 30,000 మంది కూలారు, మందసం శత్రువుల చేతికి చిక్కింది. మీ సంఘంలో రెండు వర్గాలూ ఉపవాస ప్రార్థనలు పెట్టి, అవతలి వర్గం మీద దేవుని న్యాయం దిగిరావాలని ప్రార్థిస్తున్నాయని రాశారు. మందసాన్ని యుద్ధభూమికి మోసుకుపోవడం అదే. మన పక్షాన్ని గెలిపించమని దేవుణ్ణి పిలవడం, ఆయన మన మధ్య ఏమి సరిచేయాలనుకుంటున్నాడో అడగకపోవడం.

ఆ తరువాత జరిగింది మాత్రం ఎవరూ ఊహించనిది. మందసం పట్టుబడిందన్న వార్త విని 98 ఏళ్ళ ఏలీ పీఠం మీద నుంచి వెనక్కి పడి చనిపోయాడు. దేవుని మహిమే ఇశ్రాయేలును విడిచిపోయిందని ఏలీ కోడలు చనిపోతూ అంది. కానీ ఫిలిష్తీయుల పట్టణమైన అష్డోదులో, వారి దేవుడు దాగోను గుడిలో, దేవుని మందసం ముందు ఆ విగ్రహం రెండు ఉదయాలు వరుసగా బోర్లా పడింది, రెండవసారి తల, చేతులు విరిగి పడ్డాయి. ఆ గుడిలో ఇశ్రాయేలు యాజకుడు ఒక్కడూ లేడు, ప్రార్థన చేసే భక్తుడు లేడు, దేవుని పక్షాన ఒక్క సైనికుడు లేడు. ఏడు నెలలు మందసం ఫిలిష్తీయుల దేశంలో ఉంది, తరువాత ఎవరూ యుద్ధం చేసి తేకుండానే పాలిచ్చే ఆవుల బండి మీద తిరిగి వచ్చింది. ఈ విషయం బయటపడితే హిందూ సోదరుల ముందు, ఊళ్ళో వాళ్ళ ముందు దేవుని నామానికి అవమానం అన్న భయం మన సంఘాల్లో నోళ్ళు మూయించే పెద్ద ఆయుధం. తన నామాన్ని కాపాడుకోవడానికి దేవునికి మన దాపరికం అవసరం లేదని ఆ ఏడు నెలలు చూపించాయి. నేను దేవుణ్ణి నమ్మమన్నది ఈ దేవుణ్ణే, సహోదరీ. తన యాజకుల కుటుంబం కూలుతున్నా ఆపకుండా, తన పనిని మాత్రం ఆగనివ్వని దేవుణ్ణి.

ఒక హెచ్చరిక కూడా ఇక్కడే చెప్పాలి. సంక్షోభం ముగిసే వేళకు సంఘానికి కొత్త నాయకుడి మీద పాతవాడి మీదకన్నా ఎక్కువ ఆశ పుడుతుంది. సమూయేలంతటి నాయకుడు ముసలివాడయ్యాక ఆయన కుమారులు బెయేర్షెబాలో లంచాలు తీసుకుని న్యాయం తారుమారు చేశారు. మందసం కిర్యత్యారీముకు చేరిన తరువాత కూడా ఇశ్రాయేలు నిజంగా దేవుని వైపు తిరగడానికి 20 ఏళ్ళు పట్టింది. మీ సంఘానికి అన్నేళ్ళు పట్టాలని కాదు. కొత్త కాపరి గారు వచ్చిన మొదటి ఆదివారంతో అంతా చక్కబడుతుందని మాత్రం అనుకోకండి.

బాప్తిస్మం సంగతి మిమ్మల్ని రాత్రుళ్ళు నిద్రపోనివ్వడం లేదని రాశారు కాబట్టి దానికి వివరంగా జవాబిస్తాను. ఈ ప్రశ్న సంఘానికి కొత్త కాదు. క్రీస్తు శకం 303లో రోమా చక్రవర్తి డయోక్లీషియన్ క్రైస్తవుల మీద హింస మొదలుపెట్టి, లేఖన ప్రతులను అప్పగించమని ఆజ్ఞాపించాడు. కొందరు నాయకులు ప్రాణభయంతో అప్పగించారు. హింస తగ్గాక ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజులో పెద్ద చీలిక వచ్చింది. అలా లొంగిపోయినవారి చేతి మీదుగా జరిగిన అభిషేకం, బాప్తిస్మం చెల్లవని ఒక వర్గం వాదించి వేరుపడింది. వారిని డొనాటిస్టులు అన్నారు. 314లో ఆర్ల్ పట్టణంలో జరిగిన సభ వారి వాదాన్ని తోసిపుచ్చింది, అయినా వివాదం వందేళ్ళకు పైగా నడిచింది. హిప్పో బిషప్ అగస్టీను యోహాను సువార్తను వివరిస్తూ దానికి ఇచ్చిన జవాబు నేటికీ సంఘానికి ఆధారం: పేతురు బాప్తిస్మమిచ్చినా, పౌలు ఇచ్చినా, చివరికి ప్రభువును అప్పగించిన యూదా ఇచ్చినా, నిజంగా బాప్తిస్మమిచ్చేవాడు క్రీస్తే. మీరు నీళ్ళలోకి దిగినప్పుడు ఉచ్చరించినది తండ్రి కుమార పరిశుద్ధాత్మల నామం. ఆ నామం కాపరి గారి సొత్తు కాదు, ఆయన ప్రవర్తనతో పాటు అది చెల్లకుండా పోదు. మీరు మళ్ళీ బాప్తిస్మం తీసుకోవలసిన అవసరం లేదు.

గుంటూరు ప్రాంతపు లూథరన్ సంఘాలు పునాదిగా అంగీకరించిన 1530 నాటి ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రకటన ఎనిమిదవ అధికరణంలోనూ, ఆంగ్లికన్ల (ఇంగ్లండు సంఘం వారి) 39 అధికరణాలలో 26వ దానిలోనూ ఇదే బోధ ఉంది. అయితే ఆ 26వ అధికరణం అక్కడితో ఆగదు. సేవకుడి అయోగ్యత బాప్తిస్మం వంటి పరిశుద్ధ సంస్కారాన్ని చెడగొట్టదని చెప్పిన వెంటనే, చెడ్డ సేవకుల మీద విచారణ జరగాలనీ, తప్పు తెలిసినవారు ఆరోపణ చేయాలనీ, న్యాయంగా నేరం రుజువైతే వారిని తొలగించాలనీ చెబుతుంది. దేవుని కృప మీద సంపూర్ణమైన ధైర్యం, నాయకుడి మీద నిష్పక్షపాతమైన విచారణ, రెండూ ఒకే అధికరణంలో ఉన్నాయి. మీకు ఈ రెండిట్లో ఒకటే ఇవ్వబోయేవారి మాట వినకండి.

ఒంగోలు దగ్గర వెలంపల్లిలో, గుండ్లకమ్మ ఒడ్డున, 1878 జూలై 3న ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారు. మిషనరీగా అందరికీ గుర్తున్న పేరు జాన్ క్లౌ గారిది, కానీ ఆ రోజు నీళ్ళలో నిలబడి బాప్తిస్మమిచ్చినవారు తెలుగు బోధకులు. వారికి ముందు ఎర్రగుంట్ల పేరయ్య గారు మాదిగ పల్లెల్లో కాలినడకన తిరిగి సువార్త చెప్పారు. ఆ 2,222 మంది వారసులు నేడు ఎన్నో సంఘాల్లో ఉన్నారు. ఏ బోధకుని చెయ్యి తమ ముత్తాత తల మీద పడిందో వారిలో చాలామందికి తెలియదు, తెలియకపోయినా వారి విశ్వాసానికి లోటు రాలేదు. దోర్నకల్ బిషప్ వేదనాయకం శామ్యూల్ అజరయ్య గారు దక్షిణ భారత సంఘాల ఐక్యత కోసం జీవితమంతా పనిచేసి, 1945 జనవరి 1న మరణించారు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఆ ఐక్యత నెరవేరినప్పుడు ఆయన లేరు. సంఘం మంచి నాయకుడు లేకుండా కూడా ముందుకు నడిచిందని గుర్తు చేయడానికే ఇది చెప్పాను. ఆ ఐక్యతతో ఏర్పడిన సి.ఎస్.ఐ. (దక్షిణ భారత సంఘం) పాలక సభ అయిన సినడ్ వ్యవహారాలు చూడడానికి 2024 ఏప్రిల్‌లో మద్రాసు హైకోర్టు ఇద్దరు విశ్రాంత న్యాయమూర్తులను నియమించవలసి వచ్చిందన్నదీ, వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్ళిందన్నదీ అందరికీ తెలిసినదే. అది నాకు ఎంతో దుఃఖం కలిగించిన విషయం. కానీ ఆ ఏడాది కూడా ప్రతి ఆదివారం పల్లె మందిరాల్లో గంట మోగింది, వాక్యం చదివారు, ప్రభువు బల్ల సిద్ధపరచారు.

ఇప్పుడు చేయవలసిన పనుల సంగతి. మీ సంఘం రిజిస్టరైన సొసైటీ అని రాశారు. ముందుగా దాని నియమావళి ప్రతి సంపాదించండి. సర్వసభ్య సమావేశం ఎవరు పిలవాలి, ఎంతమంది సభ్యులు సంతకం చేస్తే పిలవక తప్పదు, లెక్కల తనిఖీ ఎవరు చేయాలి అన్నవి అందులో ఉంటాయి. కాపరి గారికీ కమిటీకీ పది మంది సంతకాలతో మర్యాదగా, ఆరోపణలు లేకుండా, నిర్మాణ నిధి లెక్కలు బయటి ఆడిటరుతో తనిఖీ చేయించి సంఘం ముందు చదవమని ఉత్తరం రాయండి. మందిర స్థలం ఎవరి పేరున ఉందో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాల పత్రం) తీయించి చూడండి. సంఘం డబ్బుతో కొన్న స్థలం ఒక కుటుంబం పేరున ఉండడం మన స్వతంత్ర సంఘాల్లో చాలాచోట్ల కనిపించే జాడ్యం. ఏళ్ళ తరబడి తగాదాలు నడిచేది ఎక్కువగా దాని మీదే.

విశ్వాసులు కోర్టుకు వెళ్ళవచ్చా అని మీ భర్త గారు అడిగారట. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక ఆరవ అధ్యాయం సహోదరులు ఒకరి మీద ఒకరు వ్యాజ్యమాడడాన్ని ఖండిస్తుంది, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ఉభయులకూ నమ్మకమున్న బయటి పెద్దలను, మరో సంఘపు కాపరులను కూర్చోబెట్టి ప్రయత్నించండి, ఒకసారి కాదు, అనేకసార్లు. అన్నీ విఫలమై, సంఘపు ఆస్తి చేతులు మారే ప్రమాదం ఉంటే, ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001లోని 23వ సెక్షన్ కింద సభ్యులు మధ్యవర్తిత్వానికి గానీ జిల్లా కోర్టుకు గానీ వెళ్ళే మార్గం ఉంది. పేదల కానుకలు కాపాడడానికి దాన్ని వాడుకోవడం తప్పని నేను అనను. పగ తీర్చుకోవడానికి వాడుకుంటే మాత్రం అది పౌలు ఖండించిన పాపమే. ఒక విషయంలో మాత్రం ఏ మధ్యవర్తిత్వమూ పనికిరాదు. పిల్లల మీద లైంగిక అఘాయిత్యం జరిగిందని తెలిస్తే, 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలియజేయడం తెలిసిన ప్రతివారి బాధ్యత, దాచడం నేరం. మీ దగ్గర అలాంటిదేమీ లేదని మీ ఉత్తరాన్ని బట్టి తెలుస్తోంది. అయినా ఇది చదివే మరొకరికి అవసరం కావచ్చు: పిల్లల సహాయానికి 1098, స్త్రీల సహాయానికి 181.

లెక్కలు అడగడం అపనమ్మకం అనేవారికి రెండవ కొరింథీయుల పత్రిక ఎనిమిదవ అధ్యాయం చూపించండి. యెరూషలేము పేదల కోసం చందా పోగుచేసిన పౌలు, తన మీద ఎవరూ తప్పు మోపకుండా, సంఘాలు ఎన్నుకున్న సహోదరులను వెంట ఉంచుకున్నాడు. ప్రభువు దృష్టిలోనే కాక మనుషుల దృష్టిలో కూడా యోగ్యంగా ఉండాలన్నది అక్కడ ఆయన చెప్పిన కారణం. నేను పనిచేసిన ఒక పల్లె సంఘంలో ఆరాధన ముగిసిన వెంటనే కానుకల సంచిని అందరి ముందు బల్ల మీద బోర్లించేవారు. ఒకరు నోట్లు పేర్చేవారు, ఒకరు చిల్లర లెక్కపెట్టేవారు, ఆదివారపు బడి ఉపాధ్యాయురాలు పుస్తకంలో రాసేది. ముగ్గురూ సంతకం చేసేవారు, ఆ మొత్తాన్ని మరుసటి ఆదివారం ప్రకటనల్లో చదివేవారు. చదువురాని ముసలివాళ్ళు కూడా ఆ అంకె జాగ్రత్తగా వినేవారు. ఆ సంఘంలో ఎన్నో విషయాల మీద గొడవలు వచ్చాయి గానీ డబ్బు మీద రాలేదు. మీ కానుక సంగతికి వస్తే, లెక్కలు తేలేవరకు దాన్ని నిర్మాణ నిధికి ఇవ్వకండి. దేవునికి ఇవ్వడం మానకండి. మీ వాడలో విధవరాళ్ళు, ఫీజు కట్టలేని పిల్లలు ఉన్నారు, అది వారికి చేరనివ్వండి. ఈ మాట కమిటీకి కూడా దాచకుండా చెప్పండి.

ప్రార్థన చేయలేకపోతున్నానన్నారు. యాభై ఐదవ కీర్తన తెరవండి. తనను నిందించినవాడు శత్రువైతే సహించేవాణ్ణనీ, కానీ ఆ పని చేసినవాడు తన చెలికాడనీ, ఇద్దరూ కలిసి దేవుని మందిరానికి నడిచివెళ్ళినవారనీ దావీదు అక్కడ మొరపెట్టుకుంటాడు. పారిపోయి అరణ్యంలో ఉండాలనిపిస్తోందని కూడా అంటాడు. మీ మాటలు రానప్పుడు ఆ మాటలే గట్టిగా చదవండి, అది కూడా ప్రార్థనే.

మందిరానికి తాళం పడిన ఒక పట్టణ సంఘంలో స్త్రీల సమాజం చేసిన పని మీకు చెప్పాలి. కూరగాయలు అమ్మే ఒక పెద్దామె తన ఇంటి వరండాలో బుధవారం సాయంత్రాలు ప్రార్థన పెట్టింది. రెండు వర్గాల స్త్రీలూ వచ్చేవారు. అక్కడ ఒకటే నియమం: కేసు గురించి మాట్లాడకూడదు, పేర్లు పెట్టి ప్రార్థించాలి. ఆమె కాపరి గారి పేరు, ఆయన మీద ఫిర్యాదు చేసిన పెద్దల పేర్లు, జ్వరంతో ఉన్న పిల్లల పేర్లు, అన్నీ ఒకే వరుసలో, ఒకే స్వరంతో చెప్పేది. మొదటి వారం కొందరు లేచి వెళ్ళిపోయారు. తరువాత తిరిగి వచ్చారు. మగవాళ్ళ కమిటీలు కలిసి కూర్చోవడానికి ఎన్నో నెలలు పట్టింది, కానీ ఆ సంఘం పూర్తిగా విడిపోకుండా నిలిచింది ఆ వరండా వల్లనే అని నా నమ్మకం. మీరు ఇలాంటిది మొదలుపెట్టగలరు, దీనికి ఎవరి అనుమతీ అక్కరలేదు.

ఉండాలా, వెళ్ళిపోవాలా అన్నదానికి అందరికీ ఒకే జవాబు లేదు. లెక్కలు అడిగే అవకాశం ఇంకా ఉన్నంతవరకు, మీ ప్రాణానికి గానీ పిల్లల క్షేమానికి గానీ ప్రమాదం లేనంతవరకు, ఉండమనే నా సలహా. ఉండి, ఏ వర్గానికీ చెందకుండా, రెండు పూటల ఆరాధనకూ వెళ్ళండి. నిజం చెప్పినవారిని వేటాడుతూ, వాక్యాన్ని వంచి బోధిస్తూ, విచారణ అన్న మాటే ఎత్తనివ్వకపోతే, మీరు వెళ్ళడం దేవుణ్ణి విడిచిపెట్టడం కాదు. అప్పుడు కారణం చెప్పి వెళ్ళండి, రహస్యంగా వెళ్ళకండి, వెళ్ళాక పాత సంఘం గురించి కొత్త సంఘంలో చెప్పుకుంటూ కూర్చోకండి. కొంతకాలం ఎక్కడా ఏ బాధ్యతా తీసుకోకుండా, వెనక వరుసలో కూర్చుని వాక్యం వినండి.

మీ అబ్బాయిని మందిరానికి లాక్కుపోకండి. వాడికి కోపం రావడం సహజమే. ప్రభువు కూడా యెరూషలేము దేవాలయంలో రూకలు మార్చేవారి బల్లలు పడదోశాడు, ఆ భాగం వాడితో చదవండి. తరువాత ఏలీ సంగతి కూడా, కొంకితో మాంసం తీసుకున్న వచనంతో సహా, ఏదీ దాటవేయకుండా చదవండి. తన సేవకుల పాపాన్ని తన గ్రంథంలోనే దాచకుండా రాయించిన దేవుడు వాడికి కొత్తగా కనిపిస్తాడు. కాపరి గారు తప్పు చేశారా అని వాడు అడిగితే, ఇంకా తెలియదు, తెలుసుకోవడానికి ఇది చేస్తున్నాం అని మీరు రాసిన ఉత్తరం ప్రతి చూపించండి.

చివరిగా కాపరి గారి ఇంటి గురించి. విచారణలో ఏది తేలినా, ఆ ఇంట్లో పాస్టరమ్మ గారు, బడికి వెళ్ళే పిల్లలు ఉన్నారు. సంఘం చీలిన నాటి నుంచి ఆ గుమ్మం తొక్కినవారు లేరని మీరే రాశారు. ఈ వారంలో ఒకరోజు మరో సహోదరిని తోడు తీసుకుని వెళ్ళండి. నిధి మాట ఎత్తకండి. లెక్కల కోసం సంతకం పెట్టినవారిలో మీరూ ఉన్నారన్నది మాత్రం ఆమె దగ్గర దాచకండి. తరువాత ఆమెతో కూర్చుని, పిల్లల పేర్లు పెట్టి ప్రార్థించి రండి.